పాకిన పిల్లల బట్టలు

“నా బిడ్డను అంగట్ల కూసోవెట్టి బట్టలమ్ముతవా అత్తమ్మా? అదేమన్న మేకపిల్లనా, పండ్లు సూసి బేరమాడెతందుకు?”

“పిల్లనమ్ముతనన్ననా నేను? బట్టల పక్కన జరసేపు కూసోవెడ్తనన్న. కూసుంటే అరిగిపోతదా?”

“ఎన్ని ఊర్లోళ్ళు వస్తరు, ఎన్ని కండ్లు వడుతయి! నిన్నటి సంది పాలు ముడుతలేదు పిల్ల.”

“అది దిష్టి కాదు, ఏం కాదు. పొద్దుమీకి నువ్వు పెట్టిన బిస్కెట్ల పొట్లం అది. కడుపు నిండినంక పాలెందుకు తాగుతది?”

“నా బిడ్డకు బిస్కెట్లు గూడ పెట్టొద్దా నేను?”

“పెట్టు, ఎవలొద్దన్నరు? అవి యాడికెల్లి వచ్చినయో గూడ జర యాది వెట్టుకో. గీ బట్టలమ్మితెనే వచ్చినయి.”

“అందుకని పిల్లను తీస్కపోయి మందిల నిలవెడ్తవా? దానికేమన్న అయితే నువ్వొస్తవా అడ్డం?”

“అంగడి మునిగితె నువ్వు మూట నెత్తిన వెట్టుకొని బొంబాయి బండెక్కుతవు. అప్పుడు దాన్ని యాడ కూసోవెడ్తవు? కంకర కుప్ప మీదనా?”

ఆ చివరి మాటకు సుజాత నోరు మూతపడింది. సుజాత నా కోడలు. ఇటిక్యాల పిల్ల, మాటకు మాట అప్పజెప్పడంలో గట్టిది. ఆమె నోరు మూసుకుందంటే మాట తగలవలసిన చోట తగిలిందని అర్థం. నా కొడుకు యాదగిరి గడపలో కూర్చుని చెప్పు ఉంగటానికి దారం ఎక్కిస్తున్నాడు. మేమిద్దరం అంత గొంతు చేసుకుంటున్నా వాడు తల ఎత్తలేదు. ఈ పోట్లాటకు మొదలు వాడే. బొంబాయి పనికి కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రి ఈసారి ఒంటి మనుషులను తీసుకోనన్నాడట, మొగుడు పెండ్లాం జోడిగా వస్తేనే పని అన్నాడట. వాడు ఆ సంగతి చెప్పి, “బట్టల అంగడి మంచిగ నడిస్తె నేనొక్కన్నే పోయి ఇంకో మేస్త్రిని సూసుకుంట. రేపటి అంగడి గూడ పోయినసారి లెక్కనే అయితె ఇద్దరం పోతం అమ్మా, పిల్లను గూడ తోల్కపోతం” అని తేల్చేశాడు. రేపటి వారపు అంగడి మీద మా ఇల్లు నిలబడి ఉందని ముగ్గురికీ తెలుసు. నాలుగేళ్ళ చిట్టి ఒక్కతే ఏమీ తెలియకుండా మంచం కింద కోడిపిల్లను వెతుకుతోంది.

ఆ చిట్టి ఇప్పుడు ఒక బిడ్డకు తల్లి. మొన్న వచ్చి నాలుగు రోజులు నా దగ్గర ఉండి పోయింది. తెచ్చిన సంచిలో సగం దాని కొడుకు బట్టలే. పొట్టివైపోయినవన్నీ ఏరి మంచం మీద పరిచి, ఒక్కొక్కదాన్ని సాపు చేసి, వెలుతురు పడేట్టు కిటికీ తీసి, ఫోన్‌తో ఫోటోలు తీస్తోంది. ఏందే ఇది అంటే, అమ్ముతానంది. నాకు నవ్వు ఆగలేదు. రక్తం ఎక్కడికి పోతుంది! “కొనేది ఎవలే?” అన్నాను. “తెల్వదవ్వా.” “వాళ్ళు పిల్లగాన్ని సూసిండ్రా?” “బట్టలు గావాలె గని పిల్లగాన్నెందుకు సూస్తరు?” అని నా దిక్కు వింతగా చూసింది. ఒక్కసారే తొడిగినం, మచ్చ లేదు, నలగలేదు అని రాస్తే ఎక్కువ పైసలు వస్తాయట. బాగా తొడిగినవాటిని ఎవరూ అడగరట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు వనపర్తి అంగట్లోనే తిరుగుతోంది. మా కాలంలో దీనికి పూర్తిగా తిరగేసి నడిచింది వ్యవహారం. దాన్ని తెలుసుకోవడానికి నాకు చాలా అంగళ్ళు పట్టాయి.

నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు కూడబలుక్కునే లోపలే పల్లికాయ ఏరడానికి పిలిచారు. మా ఊరు నాగర్‌కర్నూల్ దిక్కు, వానకు ఎదురుచూసే చెల్క భూములు. మా అమ్మ నాకు లంగా కుట్టిస్తే దానికి కింద మూడు మడతలు వేయించేది. ఏటా పీర్ల పండుగ ముందు ఒక మడత విప్పేది. విప్పిన చోట బట్ట కొత్త రంగులో ఉండేది, పైన వెలిసిపోయి ఉండేది. ఆ గీతలను చూసి ఎవరు ఎన్నేళ్ళు ఒకే లంగాతో వెళ్ళదీశారో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం ఆడపిల్లలం. మడతలన్నీ అయిపోయాక ఆ లంగా చెల్లెలికి పోయేది, మళ్ళీ మడతలు పడేవి. చెల్లెలి నుంచి తొట్టెలలో పరిచే గుడ్డగా, అక్కడి నుంచి పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డగా మారేది. పారేయడమనేది నాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పటికీ పాల పొట్లం కూడా కడిగి ఆరేస్తాను. చిట్టి నవ్వితే నవ్వనీ.

అత్తగారింటికి వచ్చాక మా అత్త ఇంకో రకం. పారేయదు, కానీ చెయ్యి దాటనివ్వదు. పిల్లల బట్టలు పొట్టివైతే చించి బొంతలో కుట్టేది. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక అరుగు మీద కాళ్ళు చాపుకుని, దబ్బనం నోట్లో పట్టుకుని కూర్చునేది. నోట్లో దబ్బనం ఉన్నా తిట్టడం ఆగేది కాదు, పెదవి ఒక పక్క నుంచి తిట్టేది. “పసిపిల్ల బట్ట పరాయి ఇంటికి పోవద్దు. పిల్ల పానం ఎంతోకొంత దాని ఎంబడి పోతది” అని ఆమె నమ్మకం. ఆ బొంతలు కప్పుకుంటే పసిపిల్లల వాసన వచ్చేది, పాలు, ఆముదం, సాంబ్రాణి పొగ కలిసిన వాసన. ఎంత ఉతికినా పోదు అది. పెద్దవాళ్ళ బట్టలకు ఎవరి చెమట వాసన వాళ్ళది. పసిపిల్లల బట్టలన్నీ ఒకటే వాసన, ఏ ఇంటివైనా, ఏ కులం వాళ్ళవైనా.

పెళ్ళయిన కొత్తలోనే వానలు మొగం చాటేస్తే నేనూ మా ఆయనా బొంబాయి పోయాం మట్టి పనికి. యాదగిరి అక్కడే పెరిగాడు. పైకి కట్టిన బొంగుకు నా పాత చీర వేలాడదీసి అందులో వాడిని పడుకోబెట్టి, కింద నేను తట్ట మోసేదాన్ని. తిరిగి వచ్చి చూస్తే వాడి కనురెప్పల మీద సిమెంటు దుమ్ము తెల్లగా పేరుకుని ఉండేది. కొంగు తడిపి తుడిచేదాన్ని. వాడు ఏడ్చేవాడు కాదు, ఏడ్చి ఏడ్చి మానుకున్నాడు. మా ఆయన పోయాక ఇక ఆ బండి ఎక్కనని ఒట్టు పెట్టుకుని వనపర్తి వచ్చి రేకుల ఇల్లు ఒకటి కిరాయికి పట్టుకున్నాను. నా ఇంట్లో ఇంకో ఆడది, ఇంకో పసిపిల్ల ఆ పనికి పోవద్దని నా పంతం. నన్ను మొండిదంటారు అందరూ. అననీ.

వనపర్తిలో కాలేజీ సార్ల ఇళ్ళలో గిన్నెలు తోమే పని దొరికింది. ఒకరోజు నేను పెరట్లో తోముతుంటే ముందు వాకిట్లో స్టీలు సామాన్ల నర్సమ్మ గంప దించింది. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే మనిషి ఆమె. ఆ ఇంటి అమ్మ పిల్లల గౌన్లు, అంగీలు, లాగులు ఒడినిండా తెచ్చి పోసింది. నర్సమ్మ వాటిని కాలితో అటూ ఇటూ కదిపి, పెదవి విరిచి, ఒక గిన్నె చేతిలో పెట్టింది. నేను తరవాత ఆ గిన్నె తోముతుంటే బొటనవేలు ఒత్తిన చోట సొట్ట పడింది. అంత పలచన. చేతులు కడుక్కుని లోపలికి పోయి, “అమ్మా, మల్లసారి నాకియ్యుండ్రి. గిన్నె ఖరీదు కన్న జర ఎక్కువే ఇస్త” అన్నాను. ఆమె నా దిక్కు చూసి, “నీకెందుకు బాలమ్మా, ఊరికే తీసుకుపో” అంది. వద్దన్నాను. ఊరికే తీసుకుంటే ఇచ్చినవాళ్ళు రేపు వాకిలి కూడా ఊరికే ఊడ్పించుకుంటారు. అట్లా మొదలైంది.

మొదట్లో వారమంతా ఇళ్ళు తిరిగి కొనడం, అంగడి నాడు అమ్మడం. వనపర్తి చాలకపోతే బస్సెక్కి గద్వాల పోయేదాన్ని, నాగర్‌కర్నూల్ పోయేదాన్ని. గద్వాలలో నేత ఇళ్ళ ఆడవాళ్ళు చీర అంచుల తుంపులు కలిపి పిల్లలకు లంగాలు కుట్టేవాళ్ళు, చూస్తే కళ్ళు చెదిరేవి. కానీ బేరంలో గట్టివాళ్ళు. నేనొక మాట చెబితే “బ్యాడ బ్యాడ” అని చెయ్యి ఊపి తలుపు వేసేవాళ్ళు, వద్దని వాళ్ళ భాష. నేను నాలుగడుగులు వేసేలోగా మళ్ళీ తలుపు తీసి పిలిచేవాళ్ళు. నాగర్‌కర్నూల్లో ఒక పంతులమ్మకు ముగ్గురు ఆడపిల్లలు. ఒకే గౌను ముగ్గురి మీదుగా దిగి నా దగ్గరికి వచ్చేసరికి జల్లెడ అయ్యేది. అయినా ఆ పంతులమ్మ గౌను గుండీలన్నీ సరిగ్గా కుట్టి ఇచ్చేది. అలాంటి మనుషులంటే నాకు గౌరవం.

తెచ్చినవాటిని కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి, కంచె మీద ఆరేసేదాన్ని. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అడుగు తుడిచి, దానితో ఇస్త్రీ చేసేదాన్ని. ట్రంకు పెట్టెలో డాంబర్ గోలీలు వేసి పెట్టేదాన్ని. అంగడి నాడు ఏరుకుని ఏరుకుని, పుట్టినరోజుకు ఒక్కపూట తొడిగి విప్పేసిన గౌన్లు, తళతళలాడే జరీ లంగాలు ముందు వరసలో పరిచేదాన్ని. వెలిసినవి, అరిగినవి వెనకాల కుప్ప. కొత్తవాటిలాంటివి ముందు పోతాయి, ఎక్కువ పలుకుతాయి అనే కదా ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అంగళ్ళు గడుస్తున్నా ముందు వరస కదలదు. ఆడవాళ్ళు వచ్చి ముట్టుకుంటారు, తిప్పి చూస్తారు, అంచు చూస్తారు, చంక కింద చూస్తారు, కింద పెట్టేస్తారు. వెనక కుప్పలో చెయ్యి పెట్టి అరిగిన లాగు తీసుకుని పోతారు. ధర తగ్గిస్తే ఇంకా అనుమానంగా చూసేవాళ్ళు.

చివరికి అమ్రాబాద్ దిక్కు నుంచి పత్తి ఏరడానికి వచ్చిన ఒక ఆమెను ఆపి అడిగేశాను. ఆమె చంకలో పిల్లను పక్కకు మార్చుకుని, జరీ గౌను అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది.

“అవ్వా, గీ గౌను తొడిగిన పిల్ల ఏమైంది?”

“ఏమైతది? పెరిగింది.”

“పాకకుండనే పెరిగిందా? పాకే పిల్ల గౌను ముందటంచు మోకాళ్ళ కింద వడి అరుగుతది. లాగైతే పిర్రల కాడ అరుగుతది. గిది ఏడ గూడ నలగలే. తొడగలేదంటె పిల్ల ఉన్నదో లేదో మాకేం తెలుసు? నాకు అరిగింది ఇయ్యి.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. పరాయి బట్ట అంటే వాళ్ళ భయం మైలకు కాదు, పాతకు కాదు. పిల్ల పోయిన ఇంట్లో బట్టలు బయట వేస్తారు, అవి ఎక్కడో చేయి మారి అంగట్లోకి వస్తాయేమోనని భయం. అరిగిన అంచు ఒక్కటే వాళ్ళకు నమ్మకం, ఆ బట్టలో ఒక పిల్ల పాకింది, పడింది, లేచింది, పెరిగింది అని. నేనేమో ఆ అరుగుడునంతా వెనక్కి నెట్టి, మచ్చలు రుద్ది రుద్ది పోగొట్టి, తొడగని బట్టలను నెత్తిన పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. అరిగినవి ముందుకు వచ్చాయి. ఏ ఇంట్లో కొన్నా, “ముందుగాల పిల్లను సూపియ్యుండ్రి” అని అడిగేదాన్ని. కొందరు తల్లులు నవ్వేవాళ్ళు, కొందరికి కోపం వచ్చేది, ఒకామె “పెండ్లిచూపులా?” అంది. చూపించకపోతే కొనేదాన్ని కాదు. చూసిన పిల్లను మరిచేదాన్ని కాదు. అంగట్లో అంగీ ఎత్తి పట్టుకుని, “గీ అంగీ పోరగాడు గద్వాలల ఉంటడు. ముక్కు కారుతది గని వాని గొంతు ఇంటే వాడ వాడంత లేస్తది” అనేదాన్ని. “గీ లాగు పిల్లగాడు చింతచెట్టెక్కి దిగనన్నడు, వాళ్ళ నాయిన నిచ్చెనేసి దించిండు” అనేదాన్ని. ఆడవాళ్ళు నవ్వుతూ వినేవాళ్ళు, ఇంకోటి చెప్పమని కూర్చునేవాళ్ళు. కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు, “ఆ చెట్టెక్కినోడు ఎట్లున్నడు?” అని అడిగేవాళ్ళు. ఇవన్నీ నిజాలే. అబద్ధం చెప్పి అమ్మితే ఆ పైసలతో కొన్న బియ్యం ఉడకదని నా నమ్మకం.

నర్సమ్మకు ఇది కంటగింపైంది. తప్పేముంది, ఆమెకు పడే బట్టలు నాకు పడుతున్నాయి, ఆమె గిన్నెలు గంపలోనే ఉంటున్నాయి. నా పక్కనే గిన్నెలు గోపురంలా పేర్చుకుని కూర్చునేది. చిట్టి గురించి నేనూ సుజాతా పోట్లాడుకున్న దానికి ముందటి అంగడి నాడు, బేరం తేలని ఒక ఆమెతో నాకు వినపడేట్టే అంది. “సూసి కొనవమ్మా. యాడియో ఆ బట్టలు. దవాఖాన ఎనుక ఏరినయో, ఏట్లకెల్లి తీసినయో. పోరగాండ్లు గిట్ల చెట్లెక్కిండ్రు, గట్ల దుంకిండ్రని కతలు చెప్తది గని, ఒక్కన్నన్న సూపిచ్చిందా?” ఆ మాట అంగడి ఆ చివర నుంచి ఈ చివరకు పోవడానికి ఎంతసేపు? పొద్దు ఎక్కేసరికి నా ముందు ఒక్క మనిషి లేదు. అంతకు ముందు వారం లాగు కొన్న ఆమె వచ్చి, ఆ లాగును చక్కగా మడిచి నా ముందు పెట్టి, పోయింది. పైసలు కూడా అడగలేదు. అడిగి కొట్లాడినా బాగుండేది. పిలిచినా వెనక్కి తిరగలేదు. యాదగిరి నా పక్కనే నిలబడి అదంతా చూశాడు.

అందుకే చిట్టిని తీసుకుపోతానన్నాను. నర్సమ్మ అడిగిందానికి జవాబు నా ఇంట్లోనే కోడిపిల్ల వెంట తిరుగుతోంది. దాని బట్టలు కూడా మూటలో ఉన్నాయి. అది పక్కన కూర్చుంటే చాలు, నేను నోరు విప్పనక్కరలేదు. సుజాత భయం కూడా ఉత్త భయం కాదు. ఆమెకు చిట్టి కన్నా ముందు ఒకటి కడుపులోనే పోయింది. పిల్ల తుమ్మితే ఉప్పు తిప్పే మనిషి. ఆమె బిడ్డను ఆమె కాపాడుకోవాలి, నా ఇంటిని నేను కాపాడుకోవాలి, మా ఇద్దరికీ మధ్యలో ఉన్నది ఒకటే పిల్ల. నేను ఆ సాయంత్రం బొంబాయి మాట అన్నాక ఆమె లోపలికి పోయి చిట్టికి అన్నం పెట్టింది. నేను మూట కట్టుకున్నాను. బతిమాలే అలవాటు నాకు లేదు, ఇప్పటికీ లేదు. యాదగిరి చెప్పు కుట్టడం పూర్తి చేసి, తొడిగి రెండడుగులు వేసి చూసుకున్నాడు.

తెల్లవారి నేనొక్కదాన్నే పోయాను. పరిచాను. ఉల్లిగడ్డల బండ్లు వచ్చాయి, మిరపకాయల ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు, మేకలవాళ్ళు అవతల అరుస్తున్నారు. నా ముందు నుంచి ఆడవాళ్ళు పోతున్నారు, ఓరగా చూస్తున్నారు, ఆగడం లేదు.

“ఏంది బాలక్కా, గియ్యాల కతలు చెప్తలేవు?” అంది నర్సమ్మ, గిన్నె తుడుస్తూ.

“నీ గిన్నెలకు సొట్టలెన్నో లెక్కవెట్టుకో పో” అన్నాను.

ఎండ నెత్తి మీదికి రాకముందే జనంలో సుజాత కనిపించింది. చంకలో చిట్టి. నాలుగేళ్ళ పిల్లను, కాళ్ళు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, కింద దించకుండా మోసుకొస్తోంది. దాని నుదుటి మీద, రెండు చెంపల మీద, గదవ మీద, అరికాళ్ళలో కాటుక చుక్కలు. మెడలో నల్లదారం, చేతికి నల్లదారం, మొలకు నల్లదారం గౌను కింద నుంచి కనబడుతోంది. పిల్ల తక్కువ, కాటుక ఎక్కువ. సుజాత నా దిక్కు చూడకుండా, “జరసేపే” అని దాన్ని దించింది.

నేను కూర్చోబెడదామని చెయ్యి చాపేలోపల చిట్టి కళ్ళు బట్టల మీద పడ్డాయి. అంతే.

“అది నాది! నా ఎర్రగౌను! అవ్వ నా గౌను అమ్ముతుంది!”

అంగడంతా వినపడేట్టు అరిచింది. నేను గట్టిగా పట్టుకునేలోగా ఆ గౌను లాక్కుని నెత్తి మీద నుంచి తొడిగింది. అది రెండేళ్ళనాటి గౌను. తల సగం దూరింది, చేతులు పైకి లేచి అక్కడే ఇరుక్కున్నాయి. కళ్ళు కనబడవు. లోపలి నుంచి “అమ్మా” అని ఏడుస్తూ గుడ్డిగా అటూ ఇటూ పరుగెత్తి, సూటిగా పోయి నర్సమ్మ గిన్నెల గోపురంలో పడింది. ఆ చప్పుడుకు మేకలు కూడా అరవడం ఆపాయి. గిన్నెలు దొర్లుకుంటూ ఉల్లిగడ్డల కిందికి, మనుషుల కాళ్ళ కిందికి పోయాయి. కొందరు పట్టుకోబోయి కిందపడ్డారు. ముందు ఎవరో ఒక్కరు నవ్వారు, తరవాత అందరూ.

“ఓసి నీ పాసుగాల!” అని నర్సమ్మ లేచి, పిల్లను రెక్క పట్టుకుని నిలబెట్టింది. కొడుతుందనుకుని సుజాత ఉరికింది. నర్సమ్మ కొట్టలేదు. గౌను పైకి లాగింది, రాలేదు. కిందికి లాగింది, రాలేదు. మోకాలు ఆనించి గట్టిగా గుంజితే చంక కాడ పర్రున చినిగి, కాటుకంతా మొగమంతా పూసుకుని, చిట్టి తల బయటపడింది. “గింత దొడ్డు తలకాయేందే నీది! గింత పెరిగినంక గీ గౌనెట్ల వడుతదే?” అని నర్సమ్మ ఆయాసపడుతూ అంది. అన్నాక ఆమెకే తట్టింది తానేమన్నదో. నా దిక్కు చూసి, గిన్నెలు ఏరుకోవడానికి వంగింది. నేనూ వంగి ఏరాను. చూస్తూ నిలబడడం నాకు చేతకాదు.

చుట్టూ మూగిన ఆడవాళ్ళలో ఒకామె ముందుకొచ్చింది. పోయిన వారం లాగు మడిచి పెట్టిపోయిన ఆమే.

“గీ పిల్లదేనా అవ్వా, ఆ గౌను?”

“దీనిదే. నా మనవరాలు.”

ఆమె చిట్టి చెంప మీద ఒక వేలు ఆనించి చూసింది. సుజాత బిగుసుకుపోయింది గానీ అడ్డం రాలేదు. ఆమె వేలికి కాటుక అంటింది, కొంగుకు తుడుచుకుంది. “మంచిగున్నది పిల్ల. నేనిచ్చిపోయిన లాగు ఉన్నదా ఇంక?” అంది. ఉందన్నాను. తీసి ఇచ్చాను. ఆమెతోపాటు ఇంకో ఇద్దరు కూర్చున్నారు, వాళ్ళ వెనక ఇంకొందరు. చెట్టెక్కినవాడిది ఏదని ఒకరు, పంతులమ్మ పిల్లలవి ఏవని ఒకరు. నేను ఒక్కదాన్ని ఇటు చెప్పలేక అటు పైసలు అందుకోలేక సతమతమవుతుంటే, సుజాత ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు, బట్టల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి వేసింది. చిట్టి చినిగిన గౌను ఒడిలో పెట్టుకుని ఎక్కిళ్ళు పెడుతోంది. దాన్ని అమ్మమని ఇద్దరు అడిగారు. వదలలేదు.

యాదగిరి అప్పుడే వచ్చాడు. జనం భుజాల మీదుగా చూస్తూ కాసేపు నిలబడ్డాడు. “మేస్త్రి బస్టాండ్ల ఉన్నడు. ఏం చెప్పమంటరు?” అన్నాడు.

ఇది నేను చెప్పవలసింది కాదు. సుజాత తల ఎత్తకుండానే, చేతిలో చిన్న అంగీ దులుపుతూ, “నువ్వొక్కనివే పో. ఇంకో మేస్త్రిని సూసుకో” అంది. తరవాత ఎదురుగా కూర్చున్న ఆమె వైపు తిరిగి, “ఎన్ని నెలల పిల్లగాడక్కా? పాకుతుండా?” అని అడిగింది.